మా వదిన కొలిచిన రెండు కుట్లు

మా వదినతో కలిసి కూరగాయలకి వెళ్లడమంత శిక్ష ఇంకొకటి లేదు. తక్కెడ ముల్లు పూర్తిగా నిలబడేదాకా ఆవిడ సంచి మూతి విప్పదు. నిలబడ్డాక కూడా కాస్త వంగి, ఒక కన్ను మూసుకుని చూసి గానీ తల ఊపదు. వెనక జనం గొణుగుతూ ఉంటారు. కొట్టతను నా మొహం చూస్తాడు, నేను ఆకాశం చూస్తాను. ఆవిడ ఎవరో నాకు తెలియదన్నట్టు నిలబడడం ఇన్నేళ్లలో బాగా అలవాటైంది.

ఇంట్లో సంగతి చెప్పనే అక్కర్లేదు. మా అన్నయ్య బస్సు డ్రైవరు. ఆరింటికి వస్తానంటే ఆయన ఉద్దేశం చీకటి పడేలోపు వస్తానని. వదిన ఉద్దేశం ఆరింటికి వస్తాడని. ఈ చిన్న తేడా మీద వాళ్ల కాపురం ఇరవై ఆరేళ్లుగా నడుస్తోంది. ఆయన చెప్పులు విప్పుతుంటే ఆవిడ వంటింట్లోంచే "ఆరూ పద్దెనిమిది" అంటుంది. ఆరుంపావు అయిందని మామూలు మనుషులు అన్నట్టు అనదు. ఆస్పత్రిలో ఆవిడకి పాయింటు మేడం అని పేరు పెట్టింది ఎవరో నాకు తెలుసు. కానీ చెప్పను, నా ఉద్యోగం నాకు కావాలి.

ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా వదినే. మాది పిల్లల గుండె ఆస్పత్రి. మూడో అంతస్తులో వరండా చివర కిటికీ లేని ఒక గది ఉంది. అందులో ఒక మంచం, ఒక తెర, చక్రాల స్టూలు, వేణ్ణీళ్ల గిన్నెలో నిలబెట్టిన జెల్లు సీసా ఉంటాయి. చల్లటి జెల్లు ఛాతీ మీద పడితే పిల్లలు ఏడుస్తారని ఆ వేణ్ణీళ్లు. ఆ గదిలో వదిన గుండె స్కాన్లు తీస్తుంది. గది బయట బల్ల దగ్గర నేను కూర్చుంటాను. ఎవరు ఎన్నింటికి లోపలికి వెళ్లారో, ఎన్నింటికి బయటికి వచ్చారో పుస్తకంలో రాసుకోవడం, వదిన చెప్పిన అంకెలు టైపు కొట్టడం నా పని. ఉద్యోగం ఇప్పించానన్న మాట ఆవిడ ఎప్పుడోగానీ ఎత్తదు. నేను చుక్క పెట్టాల్సిన చోట పెట్టనప్పుడు మాత్రం ఎత్తుతుంది.

ఆవిడ చేసే పని గురించి కాస్త చెప్పాలి. సబ్బుబిళ్లంత ప్రోబు ఛాతీ మీద ఆనించి తిప్పుతూ ఉంటే గుండె లోపల రక్తం ఎంత వేగంగా పోతోందో తెర మీద అంకెగా పడుతుంది. దారి ఇరుకైతే రక్తం వేగంగా చిమ్ముతుంది, నీళ్ల గొట్టం మూతి వేలితో నొక్కినట్టు. అంచేత అంకె చిన్నదైతే మంచిది. ఇక్కడొక చిక్కు ఉంది. ప్రోబును రక్తం వచ్చే దారికి సరిగ్గా ఎదురుగా పట్టుకుంటేనే అసలు వేగం తెలుస్తుంది. కాస్త పక్కకి వాలిందంటే అంకె తగ్గిపోతుంది. వాలితే తగ్గుతుందే గానీ పెరగదు. అందుకని పని తెలిసినవాళ్లు మొదటి అంకెతో తృప్తిపడరు. ప్రోబును అటు వాల్చి, ఇటు తిప్పి, మెడ కిందనుంచి ఒకసారి, పొట్ట మీదనుంచి ఒకసారి, ఇంకా పెద్ద అంకె ఎక్కడైనా దాక్కుందేమోనని వెతుకుతారు. పదకొండేళ్లుగా వదిన ఈ మాట నాకు చెబుతూనే ఉంది. ఈ కథంతా దీని మీదే నడుస్తుంది కాబట్టి మీరూ గుర్తుపెట్టుకోండి, మళ్లీ అడగొద్దు.

మా ఆస్పత్రిలో గుండె కోసి కుట్టేవాళ్లు ఇద్దరు. పెద్ద డాక్టరుగారికి అరవై నాలుగేళ్లు. ఆయన అరిచినట్టు ఎవరూ వినలేదు, నవ్వినట్టు ఎవరూ చూడలేదు. వదిన ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పసిగుడ్డుకి స్కాను తీసి, ఒక సిర అందరూ అనుకుంటున్నచోట లేదు, కాలేయం వైపు దిగిపోయింది అని చెప్పిందట. గదిలో ఉన్న పెద్దలంతా కొత్తపిల్లకేం తెలుసన్నారు. పెద్ద డాక్టరుగారు మాత్రం ఆవిడ చెప్పినచోటే కోశారు. సిర అక్కడే ఉంది. అప్పటినుంచి ఏ పిల్లని బల్ల మీద పడుకోబెట్టినా కత్తి పట్టేముందు ఆయన "ఆవిడేమంది?" అని అడుగుతారు. ఇరవై రెండేళ్లుగా అడుగుతున్నారు. ఆయన పేరెత్తితే చాలు, వదిన ఎక్కడ కూర్చుని ఉన్నా కాస్త నిటారుగా సర్దుకుంటుంది. ఆ సర్దుకోవడం చూసి అన్నయ్యా నేనూ ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటాం.

చిన్న డాక్టరు వచ్చి తొమ్మిదేళ్లయింది. పేరుకే చిన్న, జుట్టు అప్పుడే వెనక్కి తగ్గింది. ఎదురుపడితే ఆయాకి కూడా నమస్కారం పెడతాడు. ఆయన గురించి వదినని అడిగితే "మంచివాడే" అంటుంది. అద్దె సమయానికి ఇచ్చే అద్దెవాళ్ల గురించి ఇంటివాళ్లు అన్నట్టు ఉంటుంది ఆ మాట.

వీళ్లిద్దరూ సరిచేసే జబ్బుల్లో ఒకటి సిరల జబ్బు. ఊపిరితిత్తుల నుంచి మంచి రక్తం తెచ్చే నాలుగు సిరలు గుండెకి ఎడమవైపు పైగదిలోకి రావాలి. కొందరు పిల్లలకి పుట్టుకతోనే అవి దారి తప్పి వేరేచోట కలుస్తాయి. వాటిని వెనక్కి తెచ్చి సరైన గదికి కలపాలి. పెద్ద డాక్టరుగారి పద్ధతి పాతది. సిర మూతి కోసి, గుండె గదికి అంత కంతే పెట్టి, రెండు అంచులూ కలిపి వెంట్రుకలాంటి దారంతో కుట్టేస్తారు. చక్కగా, శుభ్రంగా ఉంటుంది. కానీ సూది గుచ్చినచోట కొందరికి మచ్చ కట్టి, ఆ మూతి నెమ్మదిగా ముడుచుకుపోతుంది. చిన్న డాక్టరు సిర అంచుకి సూది తగలనివ్వడు. మూతి తెరిచి అలాగే వదిలేసి, గుండె గది గోడని ఆ చుట్టూ ఉన్న పొరకి కుడతాడు. రక్తం ఆ పొర మీదుగా గదిలోకి వస్తుంది. గుచ్చనేలేదు కాబట్టి ముడుచుకోదని ఆయన వాదన. కుట్టకుండా వదిలేస్తే అదేం కుట్టని వదిన వాదన.

ఏడాది గడిస్తే పెద్ద డాక్టరుగారు పదవీ విరమణ చేస్తారు. ఆలోపు ఈ రెండు కుట్లనీ పోల్చి తేల్చాలని ఆస్పత్రి అనుకుంది. తొమ్మిదేళ్లలో ఆపరేషను అయిన పిల్లలందర్నీ, పాత కుట్టువాళ్లు అరవై నలుగురు, కొత్త కుట్టువాళ్లు యాభై ఎనిమిదిమంది, ఒక్కొక్కరినే పిలిచి ఆ కలిపిన చోట వేగం కొలవాలి. ఏది మేలని తేలితే ఇకమీదట అందరికీ అదే. ఈ పని చూసే ఆవిడని మేం లెక్కల డాక్టరమ్మ అంటాం. కొలిచేవాళ్లకి ఎవరి కుట్టో తెలియకూడదని ఆవిడ గట్టిగా చెప్పింది. అందుకని ప్రతి ఫైలు మీదా డాక్టరు పేరున్నచోట తెల్ల కాగితం ముక్క అంటించే పని నాకు పడింది. నేను అంచులు కూడా లేవకుండా ఎంతో శ్రద్ధగా అంటించాను.

ఆ శ్రద్ధంతా బూడిదలో పోసిన పన్నీరని మొదటి వారంలోనే తెలిసింది. మధ్యాహ్నం టిఫిను డబ్బా విప్పుతూ వదిన మామూలుగా అంది, ఇవాళ మనవాళ్లు ముగ్గురు, అవతలివాళ్లు ఇద్దరు అని. నేను నోరు తెరిచాను. కాగితం ఎత్తి చూశావా అంటే కళ్లెర్రజేసింది. చూడక్కర్లేదట. సారు కుట్టయితే తెర మీద సన్నటి గట్టు కనిపిస్తుందట, చిన్న డాక్టరుదయితే మూతి వెడల్పుగా అంచు లేకుండా ఉంటుందట. ఎవరి అక్షరం వాళ్లకి తెలిసినట్టు, ప్రోబు ఆనించిన నిమిషంలో తెలిసిపోతుందట. మరి ఆ సంగతి డాక్టరమ్మకి చెప్పావా అని అడిగాను. "తెలిస్తే ఏమైంది, నా అంకె నా అంకే కదా" అంది. ఆ మాట నాకూ నిజమేననిపించింది. తక్కెడ ముల్లుని అంతలా నిలదీసే మనిషి తన ముల్లుని తను పక్కకి వంచుకుంటుందని ఎవరనుకుంటారు?

పది నెలలు గడిచాయి. ఇంట్లో అన్నయ్య రోజూ రాత్రి భోజనాల దగ్గర ఆట స్కోరు అడిగినట్టు అడిగేవాడు. పాత కుట్టు ఏమాత్రం తీసిపోలేదని, ఆ మాటకొస్తే రవ్వంత ముందే ఉందని లెక్క తేలుతూ వచ్చింది. వేరేచోట్ల కొత్త కుట్టే మేలంటున్నారు, ఇక్కడేమిటి ఇలా అని లెక్కల డాక్టరమ్మ బుర్ర గోక్కుంది. చిన్న డాక్టరు మాత్రం అంకెలు అలా ఉంటే అలాగే ఒప్పుకోవాలని, ఇకనుంచి తనూ పాత పద్ధతికి మారతానని అన్నాడు. ఆ రోజు వదిన తువ్వాళ్లు మడతపెడుతూ కూనిరాగం తీసింది. ఆవిడకి రాగం రాదు. నేను ఆ మాట అనలేదు, అంత సంతోషంగా ఉంది.

ఇక అసలు తప్పు చేసింది నేను. తప్పంటే ఎగతాళి. ఆడపడుచుగా అది నా హక్కని నా నమ్మకం.

చివరి వారంలో ఒక మధ్యాహ్నం పనేమీ లేక నా పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. లోపలికి వెళ్లిన సమయం, బయటికి వచ్చిన సమయం. ఎవరి పిల్లలు ఎవరో కాగితం అంటించినదాన్ని నాకు తెలుసు కదా. వదినని ఏడిపించడానికి పనికొస్తుందని రెండు వరసలుగా వేసి కూడాను. టీ తాగుతుండగా చెప్పాను.

"నువ్వు మహా నిష్పక్షపాతివి వదినా. మీ సారు పిల్లలయితే పదకొండు నిమిషాల్లో బుగ్గ గిల్లి పంపేస్తావు. పాపం చిన్న డాక్టరు పిల్లల్ని సగటున ఇరవై ఏడు నిమిషాలు ఒత్తిందే ఒత్తి, తిప్పిందే తిప్పి, వాళ్లేదో దొంగసొత్తు దాచినట్టు వెతుకుతావు."

నవ్వుతుందనుకున్నాను. కనీసం నా నెత్తి మీద ఒకటి ఇస్తుందనుకున్నాను. ఆవిడ కప్పు కింద పెట్టింది.

"ఆ పుస్తకం ఇలా తే" అంది.

పుస్తకం తీసుకుని లోపలికి వెళ్లి, పిల్లలు పడుకునే మంచం మీద కూర్చుని మొదటి పేజీనుంచి చూసింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. చాలాసేపటికి తల ఎత్తింది. తను ఒక్క అంకె కూడా మార్చలేదంది. మార్చావని నేననలేదన్నాను.

"మార్చలేదు. వెతకడం మానేశాను. ఆయనది కనిపించగానే బాగానే ఉంటుందనుకుని మొదటి అంకె రాసేశాను. అవతలి ఆయనది కనిపిస్తే తప్పు దొరికేదాకా చెయ్యి ఆగలేదు" అంది.

ఆ నిమిషంలో నా నాలుక కోసేసుకోవాలనిపించింది. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఇంకా సిగ్గుమాలిన మాట అన్నాను. ఎవరికీ తెలియదు కదా, పుస్తకం నా దగ్గరే ఉంటుంది కదా, ఇంకో రెండు నెలల్లో సారు గౌరవంగా వెళ్లిపోతారు కదా అన్నాను. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండుతుంది, నా మీద నాకే.

"పోయేది నా పేరైతే నువ్వు చెప్పినట్టే ఊరుకుందునే. వీళ్లలో ఎవరికో దారి మూసుకుపోతూ ఉంటే? నేను బాగుందని రాసిన కాగితం చేతిలో పెట్టుకుని వాళ్లమ్మ ఇంట్లో నిశ్చింతగా కూర్చుని ఉంటుంది" అంది.

ఆ సాయంత్రం అన్నయ్య ఆరూ నలభైకి వచ్చాడు. వంటింట్లోంచి మాట రాలేదు. ఆయన చెప్పులు విప్పి, కాసేపు నిలబడి, నా దగ్గరికొచ్చి ఎవరు పోయారని గొంతు తగ్గించి అడిగాడు. ఎవరూ పోలేదన్నాను. మరి టైము చెప్పలేదేమిటని భయపడ్డాడు. సంగతి విన్నాక వెళ్లి వదిన పక్కన పీట మీద కూర్చున్నాడు. పొద్దున్న తనే బస్సులో దింపుతానని మాత్రం చెప్పాడు. చెప్పిన టైముకి ఐదు నిమిషాలు ముందే వచ్చి హారను కొట్టాడు కూడా.

లెక్కల డాక్టరమ్మ దగ్గరికి వదిన నన్ను వెంటబెట్టుకు వెళ్లింది, సాక్ష్యానికి పుస్తకంతో సహా. కుట్లు గుర్తుపట్టగలనన్న సంగతి మొదలుకొని ఏదీ దాచకుండా చెప్పింది. డాక్టరమ్మ వయసులో వదిన కూతురంత ఉంటుంది. ఆవిడ కలం మూత పెట్టడం, తియ్యడం, పెట్టడం చేసింది. పాత కుట్టు పిల్లలు అరవై నలుగురినీ మళ్లీ పిలిపించాలని, ఈసారి రెండో అంతస్తు టెక్నీషియను కొలవాలని, ఒక్కొక్కరికీ తప్పనిసరిగా అరగంట కేటాయించాలని తేల్చింది. పది నెలల పని నీళ్లపాలైందని మాత్రం ఒకసారి అంది. అనడం న్యాయమే.

వదిన ఇంకొకటి అడిగింది. ఒక పిల్లని మాత్రం వరస వచ్చేదాకా ఆపొద్దని, ఇవాళే పిలవాలని.

ఆ పిల్ల నాకూ గుర్తుంది. నాలుగేళ్లది. నెల బిడ్డగా ఉన్నప్పుడు పెద్ద డాక్టరుగారు కుట్టారు. తనిఖీకి వచ్చినప్పుడల్లా నా కుర్చీ లాక్కుని గిరగిరా తిరిగేది, అందుకే బొంగరం అని పిలిచేవాళ్లం. మూడు నెలల క్రితం వచ్చినప్పుడు మాత్రం కుర్చీ జోలికి రాలేదు. తల్లి ఒళ్లో తలవాల్చి కూర్చుంది. ఇప్పుడు బుద్ధిమంతురాలైందని వాళ్లమ్మ మురిసిపోయింది. నేను కూడా బంగారుతల్లని మెచ్చుకున్నాను. వదిన తొమ్మిది నిమిషాలు చూసి ఒకటి పాయింటు మూడు అని చెప్పింది, నేను టైపు కొట్టాను. మా ఆస్పత్రిలో గీత ఒకటిన్నర. దానికి లోపల ఉంటే ఇంటికి, దాటితే ఇంకా పరీక్షలకి.

తల్లి లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తుంది. ఫోను రాగానే పని మధ్యలో వదిలేసి పిల్లని ఎత్తుకుని వచ్చేసింది. నాలుగేళ్ల పిల్లని ఎత్తుకుని ఎందుకొచ్చారన్నాను. మెట్లెక్కితే ఆగిపోతోంది, బద్ధకం పెరిగిందంది.

వదిన నన్ను లోపలికి పిలిచి పిల్ల చెయ్యి పట్టుకోమంది. ప్రోబు ఆనించగానే మొదటి అంకె పడింది, ఒకటి పాయింటు మూడు. మూడు నెలల క్రితం ఇక్కడే ఆగింది. ఈసారి ఆగలేదు. కాస్త వాల్చింది, ఒకటి పాయింటు ఎనిమిది. పిల్లని ఎడమపక్కకి తిప్పింది. మెడ కింద గుంటలో ఆనించింది. రెండు పాయింటు ఒకటి. వదిన నుదుటి మీద చెమట చూశాను, ఆ గదిలో ఏసీకి నాకు వణుకు పుడుతుంది. చివరికి పక్కటెముకల మధ్య ఎక్కడో ఒక చోట చెయ్యి నిలిచిపోయింది. రెండు పాయింటు నాలుగు. రెండో అంతస్తు టెక్నీషియనుని పిలిపించి, తన అంకె చెప్పకుండా చూడమంది. అతనూ రెండు పాయింటు నాలుగే అన్నాడు.

వదిన స్టూలు తల్లి ముందుకి జరుపుకుని కూర్చుంది. గుండెలో కలిపినచోట దారి ఇరుకైందని, మళ్లీ ఆపరేషను చెయ్యాలని చెప్పింది. అక్కడితో ఆగొచ్చు. డాక్టర్లందరూ అక్కడితో ఆగుతారు.

"మూడు నెలల క్రితమే ఇది దొరకాల్సింది. నేను సరిగ్గా వెతకలేదమ్మా" అంది.

తల్లి "మూడు నెలలా" అని మాత్రం అడిగింది. తర్వాత పిల్ల చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉండిపోయింది. పై గుండీ రెండుసార్లు తప్పు కంతలో పెట్టింది.

పెద్ద డాక్టరుగారి గదికి కూడా నేను వెంట వెళ్లాను. వెళ్లకపోయినా ఫరవాలేదు, కానీ ఇంత చేసినదాన్ని ఎలా వెళ్లకుండా ఉంటాను? ఆయన నిలబడి యాపిలు ముక్కలు తింటున్నారు. వదిన అంకె చెప్పింది. ఇంతకుముందు ఎంతన్నావని అడిగారు. చెప్పింది. మూడు నెలల్లో అంత పెరగదే అన్నారు.

"పెరగలేదు సార్. అప్పుడూ అంతే ఉండుంటుంది. మీ కుట్టని తెలిసిపోయింది. అందుకని ఆగిపోయాను."

ఆయన ముక్క పళ్లెంలో పెట్టి చెయ్యి తుడుచుకున్నారు. కళ్లజోడు తీసి వదిన వైపు చూశారు. కోపంగా చూశారని చెప్పలేను. కోప్పడినా బాగుండేది.

"ఇన్నేళ్లూ నేను నిన్నడిగింది అంకెమ్మా. అభిమానం కాదు" అన్నారు.

వదిన మొహం పాలిపోయింది. అన్నయ్యతో పోట్లాటల్లో, అత్తగారి మాటల్లో, ఎక్కడా ఆవిడ మొహం అలా కావడం నేను చూడలేదు. పెద్ద డాక్టరుగారు ఫోను తీసి చిన్న డాక్టరుతో మాట్లాడారు. తన కుట్టు ఒకటి ముడుచుకుందని, ఇలాంటిదాన్ని మళ్లీ పాత పద్ధతిలో కుడితే మళ్లీ ముడుచుకుంటుందని, అతని పద్ధతిలోనే తెరవాలని చెప్పారు. నువ్వు చెయ్యి, నేను ఎదురుగా నిలబడి అందిస్తాను అన్నారు. అవతల ఏమన్నారో గానీ, ఈయన "మొహమాటం వద్దు" అని పెట్టేశారు.

ఆపరేషను మర్నాడు పొద్దున్న మొదలై మధ్యాహ్నం దాకా సాగింది. వరండాలో బెంచీ మీద తల్లి కూర్చుంది. వదిన వెళ్లి పక్కన కూర్చుంది. తల్లి లేచి ఎదురు బెంచీ మీద కూర్చుంది. వదిన కదల్లేదు. ఐదు గంటలు ఇద్దరూ ఎదురెదురుగా అలాగే కూర్చున్నారు. నేను రెండు టీలు తెస్తే తల్లి ఒకటి తాగింది, వదిన టీ చల్లారిపోయింది. చిన్న డాక్టరు బయటికి వచ్చి బాగా జరిగిందని తల్లికి చెప్పాడు. ఆవిడ బెంచీ చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

మిగతా అరవై ముగ్గురి కొలతలూ నెలన్నరలో పూర్తయ్యాయి. చాలామంది అంకెలు కాస్తోకూస్తో పెరిగాయి గానీ ఎవరిదీ గీత దాటలేదు. లెక్క తిరగబడింది. సన్నటి సిరలున్న పిల్లలకి కొత్త కుట్టు స్పష్టంగా మేలని, సిరలు వెడల్పుగా ఉంటే రెండూ ఒకటేనని తేలింది. మీటింగులో ఆ కాగితం చదివింది పెద్ద డాక్టరుగారే. ఒక కొలతదారు అంకెలు పక్షపాతం వల్ల పక్కన పెట్టాల్సి వచ్చిందన్న వాక్యం కూడా గొంతు తగ్గించకుండా చదివారు. ముప్పైమంది ఉన్నారు ఆ గదిలో. ఆ కొలతదారు ఎవరో ముప్పైమందికీ తెలుసు. వదిన రెండో వరసలో కూర్చుని చివరిదాకా వింది. ఆ వారంలో ఆవిడని పాయింటు మేడం అని ఎవరూ అనలేదు. నేను పెట్టిన పేరే అయినా, ఎవరైనా అంటే బాగుండునని చూశాను.

ఇల్లు మాత్రం మళ్లీ దారిలో పడింది. ఒకరోజు అన్నయ్య చెప్పులు విప్పుతుంటే "ఆరూ ఇరవై రెండు" వినిపించింది. ఆయన సంతోషం పట్టలేక మర్నాడు ఆరున్నరకి వచ్చాడు.

ఆపరేషను అయిన రెండు నెలలకి బొంగరాన్ని తనిఖీకి తీసుకొచ్చారు. నడిచే వచ్చింది, మెట్ల మీద తల్లిని లాక్కుంటూ వచ్చింది. వదిన ముందే ఏర్పాటు చేసి పెట్టింది, ఆ పిల్లకి స్కాను రెండో అంతస్తులో తీస్తారని. నేను తల్లికి ఆ మాట చెప్పి చీటీ ఇవ్వబోయాను. ఆవిడ తీసుకోలేదు.

"ఆ మేడమే చూడాలి" అంది.

మేడం వద్దని మీరనుకుంటారేమోననే ఇలా రాశామన్నాను. ఎవరైనా బాగానే చూస్తారని కూడా అన్నాను.

"ఆవిడకైతే ఈసారి భయం ఉంటుంది" అంది తల్లి.

లోపలికి వెళ్లి వదినకి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ మంచం మీద దుప్పటి మార్చింది. నన్నూ తల్లినీ లోపలే ఉండమంది.

నలభై నిమిషాలు చూసింది. ఎక్కడా పాయింటు తొమ్మిది దాటలేదు. పక్కటెముకల మధ్య ఉన్న ప్రతి సందులోనూ చూసింది, మెడ కింద చూసింది, పొట్ట మీదనుంచి చూసింది, పిల్లని కూర్చోబెట్టి చూసింది. పిల్ల మొదట నవ్వింది, తర్వాత విసుక్కుంది, తర్వాత నిద్రపోయింది. ఆఖరికి వదిన ప్రోబు పక్కన పెట్టి తువ్వాలుతో పిల్ల ఛాతీ తుడవబోయింది.

"బాగా వెతికారా?" అంది తల్లి.

"వెతికానమ్మా."

"ఏమైనా ఉందా?"

"ఏమీ దొరకలేదు."

తల్లి ఆ తెర వైపు చూసింది. తెర మీద ఆవిడకి అర్థమయ్యేది ఏదీ లేదు. నిద్రపోతున్న పిల్ల జుట్టు సర్దింది. తర్వాత ఆ రెండు నెలల్లో మొదటిసారి వదిన మొహంలోకి సూటిగా చూసింది.

"ఇంకోసారి వెతకండి" అంది.

వదిన తువ్వాలు కింద పెట్టింది. సరేనమ్మా అని, అరచేతిలో జెల్లు వేసుకుని, వెచ్చబడేదాకా రుద్ది, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది.